అయస్కాంతపు చార్జింగ్ ముక్క, తేలికపాటి లాప్‌టాప్: అపోహలు - వాస్తవాలు

నేను లాప్‌టాప్ బోర్డులు రిపేరు చేస్తాను. టైప్-సి పోర్టును మైక్రోస్కోపు కింద పెడితే, లోపలి సన్నటి నాలుక మీద పైన 12, కింద 12 పిన్నులు వరుసగా కనిపిస్తాయి. ఈమధ్య నా బల్ల మీదికి వచ్చే కొన్ని పోర్టుల్లో ఒకటి రెండు పిన్నులు నల్లబడి, వాటి మధ్య ప్లాస్టిక్ కరిగి ఉంటోంది. "చార్జర్ కంపెనీదేనండీ, ఈ చిన్న మాగ్నెట్ ముక్క ఒక్కటే కొత్తగా పెట్టాను" అంటారు తెచ్చినవాళ్లు. పోర్టుకూ కేబుల్‌కూ మధ్య పెట్టే, కాలు తగిలితే అయస్కాంతం దగ్గర ఊడిపోయే అడాప్టర్ అది. వాళ్లను తప్పుపట్టలేను. కాలు తగిలితే లాప్‌టాప్ కింద పడకూడదనే కదా దాన్ని కొన్నది! అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఆపిల్ లాప్‌టాప్‌ల అయస్కాంతపు చార్జింగ్ ప్లగ్గు మాగ్‌సేఫ్ ఎలాగో ఈ మాగ్నెటిక్ అడాప్టర్ కూడా అలాగే.

కాదు. ఆపిల్ మాగ్‌సేఫ్‌ను 2006లో తెచ్చింది, 2016 మాక్‌బుక్ ప్రోలో తీసేసింది, 2021లో మళ్లీ ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ కంప్యూటర్లకూ తన సొంత అయస్కాంతపు కనెక్టర్ ఉంది. వీటిలో పోర్టు, ప్లగ్గు, చార్జర్ మూడూ ఒకదాని కోసం ఒకటి తయారైనవి. మాగ్‌సేఫ్‌లోనైతే అవతల లాప్‌టాప్ తగిలిందని తేలాకే పూర్తి వోల్టేజీ వస్తుంది.

విడిగా అమ్మే అడాప్టర్ కథ వేరు. దానిలో ఒక ముక్క పోర్టులో ఉండిపోతుంది, రెండోది కేబుల్ కొసకు ఉంటుంది. టైప్-సి ప్రమాణాల్లో ఇలాంటి మధ్య ముక్కకు చోటే లేదు. దీనివల్ల ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి.

మామూలు టైప్-సి కేబుల్ పెట్టగానే కరెంటు రాదు. ముందు సీసీ అనే పిన్ను ద్వారా లాప్‌టాప్, చార్జర్ ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. అప్పుడు 5 వోల్టులు వస్తాయి. ఆ తర్వాత రెండూ మాట్లాడుకుని, చాలా లాప్‌టాప్‌లలో 20 వోల్టుల దాకా వెళ్తాయి. పవర్ మోసే వీబస్ పిన్ను ఈ సీసీ పిన్ను పక్కనే ఉంటుంది, రెండింటికీ మధ్య దూరం అర మిల్లీమీటరు. అంత దగ్గరగా ఉన్నా భయం లేదు, ఎందుకంటే ప్లగ్గు తిన్నగా లోపలికి వెళ్తుంది, తిన్నగా బయటికి వస్తుంది. ఏ పిన్ను దారి దానిదే.

అయస్కాంతపు ముక్క అలా ఊడదు. కాలు తగిలినప్పుడు పక్కకి ఒరుగుతూ, జారుతూ ఊడుతుంది. ఆ క్షణంలో 20 వోల్టుల పిన్ను పక్క పిన్నును రాసుకుంటూ పోవచ్చు. సీసీ పిన్ను వెనకున్న చిప్పు చాలా బోర్డుల్లో 5 వోల్టులకు కాస్త అటూ ఇటూ మాత్రమే తట్టుకుంటుంది. ప్రతిసారీ కాలిపోదు. వందసార్లు ఊడినా ఏమీ కాకపోవచ్చు, నూటొకటోసారి చార్జింగ్ ఆగిపోవచ్చు. "ఆర్నెల్లుగా వాడుతున్నా, బాగానే ఉంది" అనే మాట నన్ను ఒప్పించలేకపోవడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి. అయస్కాంతం ఇనుమును లాగుతుంది. ఒకసారి ఓ ముక్క మీద స్టేప్లర్ పిన్ను విరిగిన తునక అడ్డంగా, రెండు పిన్నులను కలుపుతూ అతుక్కుని ఉంది. గోరుతో లాగితే గానీ రాలేదు. సంచిలో వేసుకు తిరిగే వస్తువుకు ఇది చిన్న విషయం కాదు.

అపోహ: మీద 100 వాట్లు అని రాసి ఉంటే నిశ్చింతగా వాడొచ్చు.

100 వాట్లంటే 20 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు. 3 ఆంపియర్లు దాటాలంటే కేబుల్లో ఇ-మార్కర్ అనే చిప్పు ఉండి, "నేను ఇంత మోయగలను" అని చార్జర్‌కు చెప్పాలి. కేబుల్ నిజమే చెబుతుంది, మధ్యలో దూరిన ముక్క సంగతి దానికి తెలియదు. ఆ ముక్కలోని స్ప్రింగు పిన్నుల మీద దుమ్ము చేరి నిరోధం 0.1 ఓమ్‌కు పెరిగిందనుకోండి, 5 ఆంపియర్లకు 2.5 వాట్ల వేడి పుడుతుంది. శనగగింజంత జాగాలో అది చాలా ఎక్కువ.

అపోహ: అయస్కాంతం తగిలితే డేటా పోతుంది.

ఇప్పటి లాప్‌టాప్‌లలో డేటా దాచే ఎస్ఎస్‌డీకి ఈపాటి అయస్కాంతాలతో ఏమీ కాదు, టెన్షన్ వద్దు. కాకపోతే మూత మూశారో లేదో కనిపెట్టే సెన్సర్ కూడా అయస్కాంతంతోనే పనిచేస్తుంది కాబట్టి, దాని దగ్గరికి మాగ్నెట్ వస్తే లాప్‌టాప్ నిద్రలోకి పోవచ్చు.

అపోహ: 45 వాట్ల లాప్‌టాప్‌కు 100 వాట్ల చార్జర్ పెడితే బ్యాటరీ పాడవుతుంది.

పాడవదు. ఎంత కావాలో లాప్‌టాపే అడిగి తీసుకుంటుంది.

అపోహ: పల్చగా ఉంటే చాలు, రోజూ మోయడానికి అదే మంచి లాప్‌టాప్.

రోజూ మోసేది లాప్‌టాప్ ఒక్కటే కాదు, చార్జర్ కూడా. రెండూ కలిపి తూకం చూడండి. బ్యాటరీ "ఇన్ని గంటలు" అన్న మాటకన్నా దాని మీది వాట్-అవర్ అంకె, అంటే అందులో ఎంత శక్తి నిల్వ ఉంటుందో చెప్పేది, నమ్మదగ్గది. పల్చటి వాటిలో ర్యామ్ చాలావరకు బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచడం కుదరదు. కొనేటప్పుడే కావలసినంత తీసుకోండి.

నేనైతే అన్నిటికన్నా ముందు పోర్టులు చూస్తాను. చార్జింగ్ తీసుకునే టైప్-సి రెండు పక్కలా ఒక్కొక్కటి ఉంటే, గోడ ఎటు ఉంటే అటు పెట్టుకోవచ్చు, తీగ దారికి అడ్డం పడదు. ఆకారం ఒకటే అయినా కొన్ని టైప్-సి పోర్టులు డేటాకే పనికొస్తాయి, స్పెసిఫికేషన్లలో పవర్ డెలివరీ (టైప్-సి ద్వారా చార్జింగ్ చేసే పద్ధతి) ఉందో లేదో చదవాలి. ఇంకా ముఖ్యమైనది, పోర్టు మెయిన్ బోర్డుకే ఉందా, విడి చిన్న బోర్డు మీద ఉందా అన్నది. ఆ మోడల్ విప్పిన వీడియో చూస్తే తెలిసిపోతుంది. విడి బోర్డయితే పోర్టు వదులైనా ఆ ముక్క మార్చేస్తే అయిపోతుంది. మెయిన్ బోర్డుకే ఉంటే వేడిగాలితో పోర్టు ఊడదీసి, 24 పిన్నులూ తిరిగి అతికించాలి. తీగకు తట్టుకుని పడతామన్న భయం నిజంగా ఉంటే, అయస్కాంతపు పోర్టు కంపెనీయే ఇచ్చిన మోడల్ తీసుకోండి.

ఇప్పటికే ఆ ముక్క వాడుతున్నవాళ్లు దాన్ని తీసేటప్పుడు ముందు గోడ దగ్గర స్విచ్ ఆపండి, తర్వాతే ఊడదీయండి. దాని బదులు రెండు మీటర్ల మంచి కేబుల్ కొనుక్కుని, మధ్యలో ఒకచోట బల్ల కాలికి పట్టీతో కట్టండి. కాలు తగిలితే ఆ లాగుడు బల్ల కాలి మీద పడుతుంది, పోర్టు దాకా రాదు.