బాణామతి గురించి అడిగారు కదా

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఫోన్‌లో "తాతా, బాణామతి నిజమేనా?" అంటే నవ్వి ఊరుకున్నాను. మంత్రం వేసి మనుషులకు, పశువులకు కీడు చేస్తారనే ఆ మాట నిజం కాదు. కానీ అంతటితో వదిలేస్తే మీకూ తృప్తి ఉండదు, నాకూ ఉండదు.

ఆఫ్రికాలో అజాండే అనే జనం ఉన్నారు. వాళ్ళ ధాన్యం గాదెలు గుంజల మీద నిలబడి ఉండేవి. ఎండవేళ ఆ నీడన కూర్చునేవాళ్ళు. ఒక్కోసారి గాదె కూలి మనుషుల మీద పడేది. గుంజల్ని చెదలు తిన్నాయని వాళ్ళకు బాగా తెలుసు. వాళ్ళ ప్రశ్న వేరే: సరిగ్గా వీళ్ళు కూర్చున్నప్పుడే ఎందుకు కూలింది? అయితే ఎవరో చేసి ఉండాలి! 1920ల్లో వాళ్ళ మధ్య ఉండి ఈ సంగతి రాసినాయన ఇవాన్స్ ప్రిచర్డ్. "నాకే ఎందుకు?" అనేది మనకూ వచ్చే ప్రశ్నే. మార్కులు తగ్గితే దిష్టి అనే మీ నానమ్మ ఉంది కదా (నేనన్నానని చెప్పకండి).

చెదలు, జ్వరం ఆ ప్రశ్నకు జవాబు చెప్పవు. ఒక మనిషి పేరు కావాలి. మా మెదక్ వైపు బర్రె చచ్చినా, పిల్లకు ఫిట్స్ వచ్చినా బాణామతి అనేవాళ్ళు. పెద్ద పటేలు చేశాడని మాత్రం నేనెప్పుడూ వినలేదు. పొలం గట్టు దగ్గర తగాదా పడ్డవాడో, వెనకా ముందూ ఎవరూ లేని ముసలమ్మో దొరికేవాళ్ళు. మంత్రం నోరు తిరగకూడదని పళ్ళు ఊడగొట్టేవాళ్ళు.

చదువులేక అనుకుంటారేమో. 1692లో అమెరికాలోని సేలంలో జడ్జీలు కూర్చుని మరీ విచారించారు. మొదట వింతగా మెలికలు తిరిగి, మంత్రగత్తెలు పీడిస్తున్నారన్నది తొమ్మిదేళ్ళ, పదకొండేళ్ళ ఆడపిల్లలు. మీ ఈడువాళ్ళే. 19 మందిని ఉరి తీశారు. నాలుగైదేళ్ళ పాపను కూడా జైల్లో పెట్టారు. నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇంకోటి: నేను మంత్రగత్తెనే అని ఒప్పుకుని ఆ మాట మీదే ఉన్నవాళ్ళెవరినీ ఉరి తీయలేదు. కాదన్నవాళ్ళే పోయారు. అబద్ధమాడితే బతుకు, నిజం చెబితే ఉరి. చేయలేదని ఎట్లా రుజువు చేస్తారు చెప్పండి?

మా వాడ చివర ఒకామె ఉండేది. ఒకసారి నన్ను పిలిచి దోసెడు రేగుపళ్ళు ఇచ్చింది. తింటే రక్తం కక్కుతావని మా వాళ్ళు భయపెట్టి ఉన్నారు. రెండడుగులు వేసి, ఆమె చూస్తుండగానే మోరీలో పారేశాను. ఆమె ఏమీ అనలేదు, కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి పోయింది.

ఇట్లు,
మీ తాత