కింద చెరువు లేక ఆగిన పంపింగ్

పొద్దున్నే హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో మోటార్ వేస్తారు, సంపులో నీళ్లు పైట్యాంకుకి ఎక్కుతాయి. అలా 12 మీటర్లు ఎక్కిన వెయ్యి లీటర్లు దిగుతూ చిన్న టర్బైన్‌ని తిప్పాయనుకోండి, నష్టాలు పోగా 9 వాట్ల బల్బు ఇంచుమించు మూడు గంటలు వెలుగుతుంది. అంతే! అందుకే కరెంటును నీళ్లలో దాచాలంటే పైనా కిందా జలాశయాలే కావాలి. తోడటానికి 100 యూనిట్లు ఖర్చయితే, దింపినప్పుడు 75 నుంచి 80 తిరిగొస్తాయి.

మధ్యాహ్నం సోలార్ కరెంటు మిగులుతోంది, పొద్దు గూకాక చాలడం లేదు. అందుకే పంప్డ్ స్టోరేజీ, అంటే మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడి, కావాల్సినప్పుడు దింపి కరెంటు తీసే పద్ధతి, మాట ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది. కానీ ఇది కొత్త సంగతేమీ కాదు. కృష్ణ మీద 1980లలోనే మొదలైంది.

నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో 8 యూనిట్లు, అంటే కరెంటు తీసే యంత్రాలు ఉన్నాయి. 110 మెగావాట్లది ఒకటి మామూలుది. మిగతా ఏడూ ఒక్కోటి 100.8 మెగావాట్లు, రెండు వైపులా తిరిగేవి. ఒకవైపు తిరిగితే జనరేటర్, వెనక్కి తిరిగితే పంపు. థర్మల్ కేంద్రాలను రాత్రిపూట ఆపడం కష్టం కాబట్టి, అప్పుడు మిగిలే కరెంటుతో నీళ్లు పైకి తోడాలన్నది ఆనాటి ఆలోచన.

తోడాలంటే కింద నీళ్లు నిలవాలి కదా! డ్యామ్ దిగిన కృష్ణ ఆగదు. దాన్ని ఆపడానికి దిగువన సత్రశాల దగ్గర కట్టాల్సిన టెయిల్‌పాండ్, అంటే కింది చెరువు, దశాబ్దాలు ఆలస్యమైంది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. అంత ఖరీదైన యంత్రాలు బిగించి, అవి తోడుకునే చెరువును మాత్రం వదిలేశాం. నగరంలో 2012, 2013 నాటి కోతలన్నీ దీంతో తీరిపోయేవని అనను, పంపింగ్‌కి ముందు మిగులు కరెంటు ఉండాలి. కానీ పీక్ వేళ 705 మెగావాట్లంటే చిన్న మాటా?

తర్వాత శ్రీశైలం ఎడమగట్టున కొండ లోపల 150 మెగావాట్ల రివర్సిబుల్ (రెండు వైపులా తిరిగే) యూనిట్లు ఆరు వచ్చాయి. అక్కడ కింది చెరువు సాగర్ వెనుక జలాలే, సాగర్ మట్టం పడిపోతే పంపుకి నీళ్లందవు. 2020 ఆగస్టు 20 రాత్రి ఆ భూగర్భ కేంద్రంలో మంటలు లేచి 9 మంది ప్రాణాలు పోయాయి. ఈ చరిత్ర చెప్పేటప్పుడు వాళ్లను తలుచుకోకుండా ఉండలేం.

2014లో రాష్ట్రం విడిపోయింది. సాగర్ ప్రధాన కేంద్రం తెలంగాణకు, టెయిల్‌పాండ్ ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2021లో నీళ్ల గొడవతో డ్యామ్‌కి రెండు వైపులా పోలీసులు దిగారు.

కొత్త ప్రాజెక్టులు నదిని వదిలి కొండల వైపు చూడటం ఊరికే కాదు. రాయలసీమలోని పిన్నాపురంలో 1,680 మెగావాట్లకు రెండు చెరువులూ కొత్తగానే కట్టారు. గోరకల్లు జలాశయం నుంచి నీళ్లు తెచ్చి, వాటినే పైకీ కిందికీ తిప్పడం పద్ధతి. ఎండకు ఆవిరైనంత మాత్రం మళ్లీ నింపుకోవాలి.