ఛాతీలో జబ్బుకు తొడ దగ్గర గాటు

చిరంజీవులకు పర్లాకిమిడి నుంచి తాతయ్య ఆశీస్సులు.

వీధి చివర ఇంటి పెదనాన్నగారు విశాఖపట్నం ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చిన నాటి నుంచి మీరు నన్ను ఒకటే అడుగుతున్నారు: జబ్బు ఛాతీలో అన్నారు కదా, కుట్లు తొడ మొదట్లో ఎందుకున్నాయని. పరామర్శకు వెళ్ళిన పెద్దవాళ్ళం ఎవరమూ ఆ మాట అడగలేదు.

గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాన్ని బృహద్ధమని అంటారు. అది కొంత పైకి వెళ్ళి, వంపు తిరిగి, వెన్నెముక పక్కగా కిందికి దిగి, పొట్ట అడుగున రెండుగా చీలి తొడల్లోకి పోతుంది. ఛాతీలో కిందికి దిగే భాగం వెడల్పు మామూలుగా 2.5 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఏళ్ళ తరబడి అదుపులో లేని రక్తపోటూ బీడీలూ దాని గోడను బలహీనపరిస్తే అక్కడ ఉబ్బు వస్తుంది. చాలామందికి నొప్పే తెలియదు. ఉబ్బు 5.5 సెంటీమీటర్లకు చేరితే, పగిలే ప్రమాదం ఎక్కువవుతుంది గనుక, వైద్యులు సాధారణంగా ఇక ఆగరు.

నా చిన్నతనంలో మహేంద్రతనయ ఒడ్డున మా నాన్నగారు డీజిల్ ఇంజనుతో ఏటి నీరు తోడి పొలానికి పారించేవారు. ఇంజను మొదలైతే చాలు, పైపు మూతి కింద తల పెట్టడానికి పిల్లలమందరం పరుగెత్తేవాళ్ళం. బడి గంట ఎవరికి వినబడుతుంది! ఒక వేసవిలో బండ్ల బాట కింద నుంచి వచ్చే రబ్బరు పైపు బాట అంచున కుండంత ఉబ్బింది. బాట తవ్వితే ఊరి బండ్లన్నీ ఆగిపోతాయి. మెకానిక్కు ఒక కాన్వాసు గొట్టం లోపల ఉక్కుతీగ చుట్టలు కుట్టించి, దాన్ని సన్నగా మడిచి, పురికొసతో బిగించి, పొలం వైపు మూతిలోంచి తాడుతో లోపలికి లాగించాడు. ఉబ్బు ఉన్న చోటికి చేరాక పురికొస లాగేసరికి చుట్టలు విచ్చుకుని పైపు గోడను పట్టుకున్నాయి. తరువాత నీరు కాన్వాసులోంచే పోయింది. ఉబ్బు మీద ఒత్తిడి లేకపోయింది.

పెదనాన్నగారికి చేసిందీ అదే. పైపు మూతి తొడ దగ్గర దొరికింది. తొడలోని ధమనిలోంచి ముందు సన్నని తీగను, దాని మీదుగా 7, 8 మిల్లీమీటర్ల లావుండే గొట్టాన్ని ఎక్స్‌రే తెర మీద చూస్తూ ఛాతీ దాకా పంపుతారు. గొట్టంలో మడిచి ఉన్నది స్టెంట్ గ్రాఫ్ట్: పాలియెస్టర్ వంటి గుడ్డకు నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ తీగ చుట్టలు కుట్టినది. పై గొట్టాన్ని వెనక్కి లాగగానే అది విచ్చుకుని, ఉబ్బుకు రెండు పక్కలా ఉన్న మంచి గోడను పట్టుకుంటుంది. గ్రాఫ్టుకు బయట, ఉబ్బులో మిగిలిన రక్తం క్రమంగా గడ్డకడుతుంది. మా మెకానిక్కు ఇంజను ఆపి పని చేశాడు. వీళ్ళు గుండె కొట్టుకుంటూ ఉండగానే చేస్తారు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ నోట మాట రాదు.

మా పైపుకు పక్కన నారుమడికి నీరిచ్చే చిన్న రంధ్రం ఉండేది. కాన్వాసు దాన్ని మూసేయడంతో నారు వాడిపోయింది. బృహద్ధమని నుంచి వెన్నుపాముకు వెళ్ళే సన్నని కొమ్మలు అలా మూసుకుపోతే కాళ్ళు చచ్చుబడవచ్చు. అందుకే వైద్యులు ముందుగా స్కాన్ చూసి కొలతలు వేసుకుంటారు. అవసరమైతే వెన్నులోని ద్రవాన్ని కొంత బయటికి తీసి అక్కడి ఒత్తిడి తగ్గిస్తారు.

ఛాతీలో ఈ పని మొదట చేసినవాడు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరపు వైద్యుడు నికొలాయ్ వొలొదోస్, 1987లో. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వైద్యుడు మైకేల్ డేక్ బృందం 13 మందికి చేసి, 1994లో ఆ వివరాలు ప్రకటించాక ఇది లోకమంతటా పాకింది. అంతకుముందు ఛాతీ తెరవడమే దారి. ఇప్పటికీ గుండెకు ఆనుకుని ఉన్న భాగానికి ఎక్కువగా అదే దారి.

గ్రాఫ్ట్ అంచుల వద్ద రక్తం ఊరి మళ్ళీ ఉబ్బులోకి చేరవచ్చు గనుక పెదనాన్నగారు ఇకపై క్రమం తప్పక స్కాన్ చేయించుకోవాలి, రక్తపోటు మాత్ర మానకూడదు. పొద్దున్నే ఆయన వేసుకున్నారో లేదో అడిగి రావడం మీ పనిగా పెట్టుకోండి. వెళ్ళినప్పుడు, ఆయన విసుక్కోకుండా ఉంటే, ఆసుపత్రి వారిచ్చిన ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టి చూడండి. గుడ్డ కనబడదు. వెన్నెముక పక్కన వంకర టింకర తెల్లని గీతల వరుస కనబడితే అవే తీగ చుట్టలు; ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి నాకు రాయండి.