బ్రిస్బేన్‌లో ఓడ దిగేవాళ్ల అపోహలు: ఓ వ్యాన్ డ్రైవర్ చెప్పే వాస్తవాలు

మాది రాజమండ్రి. బ్రిస్బేన్‌లో చిన్న వ్యాన్ నడుపుతాను. క్రూయిజ్ ఓడ దిగినవాళ్లకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరు చూపించి, మళ్లీ ఓడ దగ్గర దించడం నా పని. సిడ్నీలో పిల్లల దగ్గరికొచ్చిన అమ్మానాన్నలు ఈమధ్య బాగా వస్తున్నారు. వ్యాన్ ఎక్కీ ఎక్కగానే వాళ్లనే మాటలివి.

అపోహ: ఓడ ఊరి మధ్యలోనే ఆగుతుంది, దిగి నడిచి వెళ్లిపోవచ్చు.

ఫొటోల్లో నది ఒడ్డున మేడలు చూసి అలా అనుకుంటారు. ఓడ ఆగేది నది సముద్రంలో కలిసేచోట, లగేజ్ పాయింట్‌లో. అక్కడ 2022లో కొత్త టెర్మినల్ తెరిచారు. పక్కనున్నది మురుగునీటి శుద్ధి ప్లాంటు. నడిచి చూడ్డానికి ఏమీ లేదు. సిటీ బస్సు లేదు, రైలు లేదు. టాక్సీయో, ఊబరో, ముందే మాట్లాడుకున్న బండో ఉండాలి. ఊళ్లోకి రోడ్డు ఖాళీగా ఉంటే అరగంట పడుతుంది. సాయంత్రమైతే చెప్పలేం.

అంతకుముందు ఓడలు నదిలో ఇంకా పైకి, హామిల్టన్ అనే పేట దాకా వచ్చేవి. మధ్యలో గేట్‌వే వంతెన ఉంది. దాని కింద ఓడలకి ఖాళీ సుమారు 55 మీటర్లే. ఇప్పటి పెద్ద ఓడలు అందులోంచి దూరలేవు. వంతెనని ఇంకాస్త ఎత్తుగా కట్టాల్సింది అంటారు కొందరు. దగ్గర్లోనే విమానాశ్రయం ఉందండీ, అంత ఎత్తు కుదరదు.

అపోహ: నదిని చూడాలంటే ఖరీదైన బోటు టూర్ తీసుకోవాలి.

నా పొట్ట కొట్టుకునే మాటే అయినా చెప్తున్నా: అక్కర్లేదు. సిటీక్యాట్ ఫెర్రీ టికెట్ 2024 ఆగస్టు నుంచి 50 సెంట్లు. బ్యాంకు కార్డు ఆనిస్తే చాలు. నార్త్‌షోర్ హామిల్టన్‌లో ఎక్కి సౌత్ బ్యాంక్‌లో దిగండి. పాత ఉన్ని గోదాములు, న్యూ ఫార్మ్ పార్కు, 1940లో తెరిచిన స్టోరీ బ్రిడ్జి, కంగారూ పాయింట్ కొండ అంచు వరసగా వస్తాయి. ముందువైపు బయట నిలబడండి, టోపీ మాత్రం గట్టిగా పట్టుకోండి. నీళ్లు మట్టిరంగులో ఉంటే మురికి అనుకోవద్దు. వరద గోదారిని చూసినవాళ్లకి నేను వేరే చెప్పాలా? ఈత మాత్రం వద్దు, నదిలో బుల్ షార్కులుంటాయి. ఈతకి సౌత్ బ్యాంక్‌లో ఇసక పోసి కట్టిన ఉచిత కొలను ఉంది. ఊళ్లో 'బీచ్' అంటే అదే.

అపోహ: ఫోన్‌లో టైము చూసుకుంటే చాలు.

ఇది అన్నిటికంటే ప్రమాదం. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా సిడ్నీ గడియారం గంట ముందుంటుంది. బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో గడియారం మారదు. సిడ్నీ నుంచి వచ్చిన ఓడ సిడ్నీ టైమే పాటించొచ్చు. ఫోను మాత్రం ఒడ్డు సిగ్నల్ తగలగానే తనంతట తాను మారిపోతుంది.

ఓసారి సౌత్ బ్యాంక్‌లో ఓ బాబాయిగారు ఐస్‌క్రీమ్ కోసం వరసలో నిలబడ్డారు. 'రెండుంపావేగా, నాలుగింటికి కదా ఎక్కాల్సింది' అన్నారు. పిన్నిగారి చేతి వాచీలో మూడుంపావు! ఆవిడ పాత టైటాన్‌కి సిగ్నల్‌తో పనిలేదుగా. ఐస్‌క్రీమ్ వదిలేసి పరుగు. గేటు దగ్గరికి చేరేసరికి ఆఖరి పది నిమిషాలు మిగిలాయి. దిగేముందే ఓడ టైము ఎంతో సిబ్బందినడిగి కాగితం మీద రాసుకోండి.

అపోహ: కోలాని ఎత్తుకుని ఫొటో దిగొచ్చు.

ఇక్కడి కోలాల పార్కు లోన్ పైన్‌లో అది 2024లో ఆపేశారు. పక్కన నిలబడి దిగొచ్చు. ఆ పార్కు ఊరికి అవతలి కొస. అక్కడికి వెళ్తే ఇంకేమీ చూడలేరు, ముందే తేల్చుకోండి.

అపోహ: గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఇక్కడికి దగ్గరే.

ఆ పగడపు దిబ్బలు చూడ్డానికి అందరూ వెళ్లే కెయిర్న్స్ ఊరు ఇక్కణ్నుంచి సుమారు 1,700 కిలోమీటర్లు. అంతే సంగతి.

అపోహ: ఓడలో పెట్టిన ఆపిలే కదా, సంచిలో వేసుకుంటే ఏమవుతుంది?

న్యూ కలెడోనియా లాంటి పరాయి రేవునుంచి వస్తుంటే అవుతుంది. పండు ఒడ్డుకి తేకూడదు. ఇంటినుంచి తెచ్చిన పచ్చళ్లు, పొడులు ఉంటే దేశంలోకి వచ్చేవాళ్లు నింపే కార్డులో రాసి చూపించండి. దాచడమే తప్పు. వీసా కూడా చూసుకోండి: ఓడ విదేశీ రేవుకెళ్లి తిరిగొస్తే మీరు దేశం దాటినట్టే. ఒక్కసారి ప్రవేశానికిచ్చిన వీసా మళ్లీ పనికిరాదు.

అపోహ: ఓడెక్కాక ఇక చూసేదేముంది, భోజనమే.

భోజనం కాసేపాగుతుంది. సిడ్నీకి తిరిగెళ్లే ఓడైనా ముందు ఉత్తరానికే వెళ్లాలి, ఊరి ముందున్న మోర్టన్ బే అఖాతం దాటే దారి అటే. ముందుకి చూస్తూ ఎడమవైపు డెక్ మీద నిలబడండి. వెలుతురుంటే గ్లాస్ హౌస్ కొండలు కనిపిస్తాయి. తర్వాత కలౌండ్ర ఊరి దీపాలు బాగా దగ్గరకొస్తాయి. మూలూలబా అనే ఊరి బయట ఓ చిన్న లాంచి ఓడ పక్కకి చేరుతుంది. అంతదాకా దారి చూపించిన పైలట్ తాళ్ల నిచ్చెన మీదుగా దాంట్లోకి దిగిపోతాడు.