మిట్ట మీద ఆగిన ట్రక్కు మళ్ళీ ఎలా కదులుతుంది?

పిల్లలూ,

మీ ఉత్తరాలన్నీ చదివాను. వాటిలో ఒక ప్రశ్న నాకు భలే నచ్చింది. "తాతయ్యా, గేర్ల ట్రక్కులో కింద మూడు పెడల్స్ ఉంటాయి, డ్రైవర్‌కి కాళ్లు రెండే. రాళ్ల మిట్ట ఎక్కుతూ బండి మధ్యలో ఆగిపోతే ఎలా? బ్రేకు మీద కాలు తీయగానే వెనక్కి జారిపోదా?" పెడల్సూ కాళ్లూ లెక్కపెట్టి మరీ అడిగిన ప్రశ్న ఇది.

జారిపోతుంది. 30 డిగ్రీల వాలు మీద నిలిచిన బండిని, దాని బరువులో సగం వెనక్కి లాగుతూ ఉంటుంది. బండి రెండు టన్నులుంటే, ఒక టన్ను బరువు దాన్ని కిందికి గుంజుతున్నట్టు. ఆ బరువుని ఎవరో ఒకరు ఎప్పుడూ పట్టుకునే ఉండాలి.

నా చిన్నతనంలో ఇంట్లో ఏ నీళ్లు కావాలన్నా బావిలోంచి తోడుకోవాల్సిందే. గిలక కిర్రుమనేది. ఆ చప్పుడు వింటూ, తోడుతున్నది ఎవరో లోపలి నుంచే చెప్పేసేవాణ్ణి. అమ్మ తోడితే ఒకే లయలో వచ్చేది. అన్నయ్య తోడితే ఆగి ఆగి, విసుగ్గా వచ్చేది. నాకు మొదటిసారి చేంతాడు ఇచ్చినప్పుడు అమ్మ ఒక్క మాటే చెప్పింది: "రెండో చెయ్యి గట్టిగా పట్టుకున్నాకే మొదటి చెయ్యి వదులు." మిట్ట మీద ట్రక్కుని కదిలించేవాడు చేసేదీ అదే. ట్రక్కు నిండు చేద, మిట్ట బావి. బ్రేకు ఒక చెయ్యి, ఇంజను రెండో చెయ్యి.

ఇంజను చెయ్యి తాడుని పట్టుకునే చోటు క్లచ్. పెడల్ తొక్కితే పట్టు వదులుతుంది, మెల్లగా పైకి వదిలితే పట్టు బిగుస్తుంది. మామూలు ఎత్తుల్లో డ్రైవర్ ముందు హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంచుతాడు. దానితో కుడికాలు ఖాళీ అయి ఎక్సలేటర్ మీదికి వెళ్తుంది. మొదటి గేరు వేసి, ఎడమకాలితో క్లచ్ కొంచెం కొంచెం వదులుతాడు. ఒక చోట ఇంజన్ శబ్దం బరువుగా మారుతుంది, బండి ముందుభాగం కొద్దిగా పైకి లేస్తుంది. రెండో చెయ్యి తాడు పట్టుకుందన్న మాట. అప్పుడు హ్యాండ్‌బ్రేక్ దించుతాడు, బండి ముందుకే కదులుతుంది.

కొందరు హ్యాండ్‌బ్రేక్ వాడకుండా, క్లచ్‌ని సగంలో ఆపి బండిని ఎత్తు మీద నిలబెడతారు. అది తాడుని అరచేతుల్లోంచి జారనిస్తూ పట్టుకోవడం. చేతులు ఎలా మండిపోతాయో క్లచ్ డిస్కు కూడా అలాగే కాలుతుంది. కమురు కంపు కొడుతుంది. నాకు ఆ వాసన వస్తే బాధ వేస్తుంది, అంత కష్టపడే వస్తువుని ఊరికే కాల్చేస్తున్నారని.

ఇక మీరడిగిన రాళ్ల మిట్ట. అక్కడికి వెళ్లే, ఇంజను నాలుగు చక్రాలనీ తిప్పే ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కుల్లో లో రేంజ్ అని ఇంకో గేరు వరస ఉంటుంది. బావికి రెండో గిలక కట్టినట్టనుకోండి. తాడు ఎక్కువ లాగాలి, చేద తక్కువ లేస్తుంది, కానీ బరువు తెలియదు. జీప్ రూబికాన్ అనే బండిలో లో రేంజ్ ఒక్కటే బలాన్ని నాలుగు రెట్లు చేస్తుంది. మొదటి గేరు ఇంకో నాలుగు రెట్లు, ఇరుసు దగ్గర మరో నాలుగు రెట్లు వేసుకుంటే, ఇంజన్ 64 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. ఇంజన్ నిమిషానికి 800 సార్లు తిరుగుతున్నా ఆ ట్రక్కు మీ నడకలో సగం వేగం కూడా పోదు.

ఇంజన్ పూర్తిగా ఆగిపోయిందనుకోండి. గేరు వేసే ఉంటే, క్లచ్ తొక్కకపోతే, ఆగిన ఇంజను కూడా బండిని చాలావరకు పట్టి ఉంచుతుంది. సిలిండర్లలో గాలిని నొక్కితే తప్ప అది తిరగదు మరి. తాడుని గుంజకి ఒక చుట్టు చుట్టి ఆగినట్టు. కుడికాలు బ్రేకు మీద గట్టిగా ఉంచి, లో రేంజ్‌లో మొదటి గేరుతోనే, క్లచ్ జోలికి పోకుండా తాళం తిప్పుతారు. ఇంజన్‌ని లేపడానికి ఉన్న చిన్న స్టార్టర్ మోటారే అంత పెద్ద ట్రక్కునీ అంగుళం అంగుళం పైకి నెడుతుంది. మోటార్ లాగడం తెలియగానే బ్రేకు వదులుతారు. అంతలో ఇంజన్ అందుకుంటుంది, కుడికాలు ఎక్సలేటర్ మీదికి వెళ్తుంది. ఎడమకాలికి పనే లేదు! మూడు పెడల్స్‌కి రెండు కాళ్లు చాలవని అడిగారు కదా, ఇక్కడ ఒక్క కాలే సరిపోయింది. ఎంతసేపు తలచుకున్నా ఈ సంగతి నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇది అన్ని బండ్లలో కుదరదు. ఇప్పుడు చాలావాటిలో క్లచ్ తొక్కందే స్టార్టర్ తిరగదు. బండి గేరులో ఉన్న సంగతి మరిచి తాళం తిప్పితే ముందుకు దూకకుండా ఆ ఏర్పాటు. టొయోటా కొన్ని ట్రక్కుల్లో ఆ అడ్డు తీసెయ్యడానికే ఒక స్విచ్ పెట్టింది, ఇలాంటి మిట్టల కోసమే.

పైకి పోలేమని తేలితే రివర్స్ గేరు వేసి తిన్నగా వెనక్కి దిగాలి. చేదని మళ్ళీ చెయ్యి మార్చి చెయ్యి మార్చి దించినట్టు. తాడు వదిలేస్తే చేద బావిలో దబ్బున పడుతుంది. అందుకే దిగేటప్పుడు ఏ గేరూ లేని న్యూట్రల్ వద్దు, క్లచ్ తొక్కడం వద్దు. మిట్ట మీద బండిని అడ్డంగా తిప్పడం అంతకంటే ప్రమాదం, పక్కకి దొర్లిపోతుంది. భయం వేసినప్పుడు కాళ్లు తమంతట తామే అన్ని పెడల్సూ తొక్కేస్తాయి. అందుకే మంచి డ్రైవర్లు ఇవన్నీ ముందు చిన్న ఎత్తుల మీద నేర్చుకుంటారు. మీరు ఏ పని నేర్చుకున్నా అలాగే చెయ్యండి, కష్టమైన చోటికి తొందరపడి పోకండి.

రివర్స్ అంటే గుర్తొచ్చింది. 1908లో ఫోర్డ్ మోడల్ టి అనే కారు వచ్చింది. అందులో పెట్రోలుని ఇంజన్‌కి తోడే పంపు లేదు. సీటు కింద ట్యాంకులోంచి పెట్రోలు తనంతట తానే ఇంజన్‌కి పారాలి. బాగా ఎత్తుగా ఉన్న మిట్ట ఎక్కితే ఇంజన్ ట్యాంకు కంటే పైకి పోయి, పెట్రోలు అందేది కాదు. అందుకని జనం కారుని వెనక్కి తిప్పి, రివర్స్‌లో మిట్ట ఎక్కించేవాళ్లు!

క్లచ్ లోపల ఇంకా చాలా ఉంది. అదంతా కాగితం మీద చెప్పడం నాకు ఇష్టం లేదు. ఈసారి గేర్ల బండి ఎత్తు మీద ఆగి బయల్దేరేటప్పుడు డ్రైవర్ పక్కన కూర్చునే అవకాశం వస్తే, మాట్లాడకుండా గమనించండి. బయట నిలబడి చూసేటట్టయితే బండికి కింది వైపున మాత్రం అస్సలు నిలబడొద్దు, దూరంగా పక్కకి ఉండండి. ఇంజన్ శబ్దం ముందు మారిందా, బానెట్ ముందు లేచిందా? చూసి నాకు రాయండి.

మీ
తాతయ్య