ప్రశ్నించడం నేర్పితే పిల్లలు చెడిపోతారా? ఇంటర్ వయసుపై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఇంటర్ పిల్లలకు ఆదివారాలు విమర్శనాత్మక ఆలోచన మీద, తమను తాము గమనించుకోవడం మీద తరగతులు చెబుతుంటాను. పుత్తూరు, చంద్రగిరి వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండేవాళ్లే ఎక్కువ. వాళ్ల అమ్మానాన్నల నుంచి తరచూ వినే మాటలివి.

అపోహ: ఇవన్నీ నేర్పితే పెద్దలకు ఎదురు చెబుతారు.

వాస్తవం: "వాడు ఇప్పటికే మాట వినడం లేదు సార్, మీరింకా ప్రశ్నించమంటారా?" అని ఒక తండ్రి నిలదీశారు. ఆయన భయం నాకర్థమైంది. కానీ ఈ చదువులో మొదటి ప్రశ్న మనకు మనమే వేసుకోవాలి. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ వాసన్ 1960లో ప్రచురించిన ప్రయోగం ఒకటి తరగతిలో చేయిస్తాను. బోర్డు మీద 2, 4, 6 రాసి, "దీని వెనక ఒక నియమం ఉంది. మీరూ మూడేసి అంకెలు చెప్పండి, సరిపోతాయో లేదో నేను చెబుతాను" అంటాను. 8, 10, 12 అంటారు. సరే. 20, 22, 24. అదీ సరే. వెంటనే ఒకడు లేచి, "రెండేసి పెరిగే సరిసంఖ్యలు సార్!" అంటాడు. కాదంటే నమ్మడు. ఈ మధ్య వెనక బెంచీ అమ్మాయి 1, 2, 3 అంది. సరిపోయింది. 6, 4, 2 అంది. సరిపోలేదు. పెరుగుతూ పోయే ఏ మూడు సంఖ్యలైనా చాలు, నియమం అంతే! మిగతావాళ్లంతా "సరే" అనిపించుకోవడానికి అడిగారు, ఆ అమ్మాయి తన ఊహ తప్పేమో చూద్దామని అడిగింది.

మన శాస్త్ర చర్చల్లో పూర్వపక్షం ఉండనే ఉంది. ఎదుటివారి వాదాన్ని ముందు సరిగ్గా చెప్పాకే ఖండన. అందుకే హాస్టల్ మానేస్తానని పట్టుబట్టిన పిల్లవాడితో, వద్దంటున్న నాన్న తరఫున ముందొక పేజీ రాయిస్తాను. ఇంట్లో గొడవ పెరగడం సంగతి అటుంచితే, చాలాసార్లు తగ్గుతుంది.

అపోహ: ఎంట్రన్స్ ముందు ఇదంతా టైం దండగ.

వాస్తవం: ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పేపర్లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు. మాక్ టెస్ట్ అయ్యాక తప్పుపోయిన ప్రతి జవాబు పక్కన కారణం రాయమంటాను: ఫార్ములా రాలేదా, ప్రశ్న సగమే చదివానా, పక్కవాళ్లు ముందుకెళ్లిపోతున్నారని కంగారుపడ్డానా? మూడో కారణమే మళ్లీ మళ్లీ రాసే పిల్లకు ఇంకో ట్యూషన్ పెట్టించి లాభం లేదు.

అపోహ: ఫోన్‌లో పర్సనాలిటీ టెస్ట్ చేస్తే నేనేంటో తెలిసిపోతుంది.

వాస్తవం: 1948లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త బెర్ట్రామ్ ఫోరర్ తన 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, "ఇది నీ స్వభావం" అంటూ అందరికీ ఒకే వివరణ ఇచ్చారు. అందులో వాక్యాలు ఎక్కువగా జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవే. అది తమకు ఎంత నప్పిందో చెప్పమంటే విద్యార్థులు ఐదుకు సగటున 4.26 వేశారు. పిల్లలకు నేను చెప్పేది ఒకటే: వారం పాటు ఎప్పుడు కోపమొచ్చింది, అంతకుముందు ఏం జరిగింది, రెండే రెండు లైన్లు రాసుకోండి.

అపోహ: ఈ వయసులో బుర్ర పక్వానికి రాదు.

వాస్తవం: మెదడు ముందు భాగం ఇరవైల మధ్య దాకా ఎదుగుతూనే ఉంటుంది, నిజమే. అయితే తీరిగ్గా కూర్చోబెట్టి అడిగితే పదహారేళ్లవాళ్ల తర్కం పెద్దలకేం తీసిపోదు. తోటివాళ్ల మధ్య, ఉద్వేగంలో ఉన్నప్పుడే తేడా కనిపిస్తుంది. ముఖ్యమైన నిర్ణయాలు పరీక్ష ఫలితాలొచ్చిన రోజు రాత్రి మాట్లాడకండి.

అపోహ: దిగులుకు కూడా ఇదే మందు.

వాస్తవం: కాదు. వారాల తరబడి నిద్ర, తిండి తప్పినా, బతకాలని లేదన్నా నా తరగతికి పంపి ఊరుకోవద్దు. వెంటనే మానసిక వైద్యులకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.