క్రాసింగ్ పనికి వెళ్లిన బాలికలే నేటి తల్లులు

కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి, ఆలూరు ప్రాంతాల నుంచి సుగ్గికి, అంటే కూలి పనుల సీజను వలసకు, బయలుదేరే కుటుంబాల వెంట బడి పిల్లలు కూడా వెళ్లిపోతుండడంతో పాత వాదన మళ్లీ రాజుకుంది. రక్తహీనతకూ, బాల్య వివాహాలకూ, బరువు తక్కువగా పుట్టే బిడ్డలకూ తల్లిదండ్రుల్లో అవగాహన లేకపోవడమే కారణమన్న మాట ఎప్పటిలాగే అధికార వర్గాల నుంచి వస్తోంది. కర్నూలు కరువుల కథ, వలసల కథ అందరికీ తెలిసినవే. ఈ అవగాహన లేమి మూలాలు మాత్రం 1990ల నాటి విత్తన పత్తి చేలలో ఉన్నాయి.

వాణిజ్యపరంగా ప్రపంచంలో తొలి సంకర (హైబ్రిడ్) పత్తి 1970లో గుజరాత్‌లో వచ్చింది. ఆ విత్తనం తయారు కావాలంటే ప్రతి పువ్వునూ చేత్తో ముట్టుకోవాల్సిందే. తెల్లవారితే విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే గుర్తుపట్టి, లోపలి అండకోశం దెబ్బతినకుండా రేకులనూ కేసరాలనూ గోటితో ఒలిచేయాలి. పొద్దున్నే మగ మొక్క పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఈ సాగు పెరిగిన కొద్దీ, చిన్న వేళ్లకే ఈ పని కుదురుతుందంటూ పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లలను పెట్టుకున్నారు. తర్వాత ఇది పడమటి మండలాలకూ పాకింది. అసలు సంగతి వేళ్లలో లేదు, కూలిలో ఉంది. పిల్లలు పెద్దల కంటే తక్కువకు వస్తారు, ఎదురు మాట్లాడరు. తండ్రికి ముందే అడ్వాన్సు ముట్టేది, అది తీరేదాకా పిల్ల చేలోనే ఉండాలి. వానాకాలం మధ్యలో మొదలైన పని డిసెంబరు దాకా సాగితే, జూన్‌లో బడిలో చేరిన పిల్ల పేరు హాజరు పట్టీలో మాత్రమే మిగిలేది. మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ వంటి పురుగుమందులు కొట్టిన చేలో రోజంతా నిలబడే పిల్లలకు తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం మామూలు. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు నిలిపివేసింది 2011లో.

అదే ఏడాది జనగణనలో కర్నూలు జిల్లా స్త్రీలలో అక్షరాస్యులు సగానికి కాస్త తక్కువగా తేలారు. 1995లో పదేళ్లున్న పిల్లకు ఇప్పుడు నలభై దాటాయి. ఇవాళ ఎవరికి అవగాహన లేదంటున్నారో, ఆమే ఈమె.

తల్లి చదువుకూ బిడ్డ ప్రాణానికీ ఉన్న సంబంధం ఊహ కాదు. జనాభా శాస్త్రవేత్త జాన్ కాల్డ్‌వెల్ 1979లోనే నైజీరియా లెక్కలతో దాన్ని చూపించారు. చదివిన తల్లి డాక్టరును ప్రశ్న అడుగుతుంది, బిడ్డ కోసం ఇంట్లో తన మాట నెగ్గించుకుంటుంది. 1970 నుంచి 2009 వరకు ప్రపంచంలో తగ్గిన ఐదేళ్ల లోపు పిల్లల మరణాల్లో సగానికి స్త్రీల చదువే కారణమని 2010 నాటి ఒక అంచనా. కర్నూలు పల్లెలో ఇది ఐరన్ మాత్ర దగ్గర కనిపిస్తుంది. గర్భిణికి 180 మాత్రలు ఇస్తారు. మలం నల్లగా రాగానే భయపడి మానేస్తారు, లేదా టీతో మింగుతారు, అప్పుడది సరిగా ఒంటికి పట్టదు. ఎందుకు నల్లబడిందో తెలిసిన ఆమె మానదు. అయితే చదువుకున్న వారిలోనూ రక్తహీనత తక్కువేమీ కాదు, పళ్లెంలో కూరా పప్పూ లేకపోతే చదువొక్కటే నెత్తురు పట్టించదు.

మనసు సంగతి ఎవరూ పట్టించుకోరు. అప్పు, వలస, పరాయి ఊళ్లో గుడారం. వాటి దిగులు నిద్ర పట్టకపోవడంగా, గుండె దడగా, ఒళ్లు నొప్పులుగా ఆసుపత్రికి వస్తుంది, నొప్పి మాత్రతో తిరిగి వెళుతుంది. చిన్ననాటి చదువు తక్కువైతే ముసలితనంలో మతిమరుపు జబ్బు ముప్పు పెరుగుతుందని కూడా వైద్య పరిశోధన చెబుతోంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం స్త్రీలకు రక్తహీనత ఉంది. 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిదేళ్లు నిండకుండా పెళ్లయినవారు 29.3 శాతం, దేశ సగటు 23.3. బడి ఆగితే పెళ్లి ముందుకు జరుగుతుంది, కాన్పు కూడా.

అందుకే 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించిన 117 జీవో ఇక్కడి తల్లులను అంత కలవరపెట్టింది. పిల్లల మేలుకే, సబ్జెక్టు టీచర్ల కోసమే అన్నది అప్పటి ప్రభుత్వ వాదన. తల్లుల లెక్క వేరు. బడి ఊరు దాటితే పొద్దున్నే పనికి పోయేవాళ్లు చిన్నపిల్లను ఒంటరిగా పంపలేరు. వెంట తీసుకుపోతే చేలో నీడన కూర్చుంటుంది, నాలుగు రోజులకు మిరపకాయ తెంపుతుంది. 2025లో ఆ జీవోను ఉపసంహరించుకున్నారు, మధ్యలో మూడు విద్యా సంవత్సరాలు గడిచిపోయాయి.

ఇప్పటి వివాదం, వలస వెళ్లేవారి పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు తెరిచే సీజనల్ హాస్టళ్ల మీద. గుంటూరు మిరప కోతలకు లారీ ఎక్కాక హాస్టల్ తెరిస్తే ఎవరికీ ఉపయోగం లేదు. పిల్లను ఎక్కడ ఉంచాలో బయలుదేరే ముందే చెప్పమని, ఆడపిల్లలకు విడి గది, రాత్రి తోడుగా ఒక మహిళ ఉండాలని తల్లులు అడుగుతున్నారు. క్రాసింగ్ చేలలో తాము ఏం పోగొట్టుకున్నారో ఎరిగే అడుగుతున్నారు.